చిన్న చిన్న మార్పులు

తెలివితక్కువతనం నాదే, ముందే ఒప్పుకుంటున్న. మరమగ్గాల షెడ్లకు మేం చేసిచ్చే సాఫ్ట్‌వేర్‌లో ఏదన్న మారిస్తే, అక్కడ కంప్యూటర్ చూసుకునేవాళ్లకు ఏం మారిందో రాసి చెప్పే పని నాది. నేత వాళ్లది, కోతలు నావి. కోరుట్ల నుంచి జగిత్యాల ఆఫీసుకు పోతూ, బస్సు కిటికీకి తలానించి, సగం కలల రాసేవాణ్ణి. ప్రతిసారీ ఒకటే మాట: "చిన్న చిన్న మార్పులు చేసినం." మా సారుకు గంతే చాలు. గవి చదివేటోళ్లు ఎవరున్నరని ఆయన వాదన.

ఒకసారి మూలకుపడ్డ మగ్గాల నంబర్లు తీసేసి, మిగిలినవాటిని ముందుకు జరపమన్నడు సారు. జరిపిన. పన్నెండో మగ్గం పదకొండైంది. నేను రాసింది మాత్రం పాత మాటే. సిరిసిల్లలో ఒక షెడ్డుల ఎర్రంచు నేయాల్సిన మగ్గం వారం రోజులు పచ్చంచు నేసింది. ఏ నంబరు మగ్గం మీద ఏ అంచు నేయాలో కంప్యూటర్ల చూసి చీటీలు తీసిచ్చే సూపర్‌వైజరమ్మదే తప్పని, సోమవారం నుంచి రావద్దని షెడ్డు యజమాని అన్నడట.

సిరిసిల్లకు పోయిన. మధ్యాహ్నపు వెలుగుల దూది నూగు తేలుతున్నది. మగ్గాల చప్పుడు ఒంట్లకు దిగి, ఎక్కడో నీళ్ల అడుగున నడుస్తున్నట్టుండె. ఆమె నన్ను తిట్టలేదు. షిఫ్టు మారుతున్న మగ్గం కాడికి తోలుకపోయింది. పని దిగేటాయన మగ్గం చట్టం మీద సుద్దముక్కతోని రాస్తున్నడు: ఎడమ దిక్కు పడుగు పోగు రెండుసార్లు తెగింది, ముడేసిన, గక్కడ కన్నేసి ఉంచు.

"దిగేటోడు ఎక్కేటోనికి గిట్ల చెప్పి పోతడు తమ్మీ," అన్నది. "నువ్వు చెప్పకుంటనే దిగిపోయినవ్."

తిరుగు బస్సుల నిద్ర రాలేదు. మరునాడు ఆఫీసుల కూర్చొని మళ్లా రాసిన. ఏం మారింది, ఎందుకు మారింది, ఎవరి పని మీద పడ్తది, చీటీ తీసే ముందు ఏం సరిచూసుకోవాలె, వద్దనుకుంటే పాతదానికి ఎట్ల పోవాలె. అన్నిటి కింద ఇంకొకటి చేర్చిన: "మగ్గాల నంబర్లు మార్చమన్నది మా సారు, చెప్పకుండ మార్చింది నేను. సిరిసిల్లలో అంచు తప్పింది గందుకే. సూపర్‌వైజర్ తప్పు ఏమీ లేదు."

షెడ్లకు పంపే ముందు సారు 'చదివిన' అని నొక్కాలె. ఫోన్ మాట్లాడుకుంటనే నొక్కిండు.

అన్ని షెడ్ల తెరల మీద తేలింది. షెడ్డు యజమాని చదివిండు. సోమవారం ఆమె ఎప్పటోలె పనికి పోయింది. మా సారు ఒక్కడే ఇంకా చదవలేదు. నేనూ గుర్తు చేయలేదు.