తూటిలంక ప్రాజెక్టులో పద్దెనిమిదో పేజీ

పెద్దింట్లమ్మను ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు. చేప ఎంత అని అడిగేవాళ్ళు, అది వేరే సంగతి. కొల్లేరు నడుమ ఉన్న తూటిలంకలో పుట్టి, అక్కడే నాలుగిళ్ళ అవతలి ఎల్లారావుని చేసుకుని, ఇరవై రెండేళ్ళుగా కైకలూరు స్టేషన్లో పాసింజరెక్కి బెజవాడ వెళ్ళి చేపలమ్మిన మనిషి. రైల్లో ఆమె తట్ట పక్కన ఎవరూ కూర్చోరు. "అందుకే నాకెప్పుడూ సీటు దొరుకుద్ది" అని నవ్వేది. నోరు పెద్దదే గాని చెయ్యి మంచిది. నిన్నటి చేపని ఇవాళ్టి చేపగా అంటగట్టిన పాపాన ఎన్నడూ పోలేదు. బేరం దగ్గర మాత్రం ఎంత చదువుకున్నవాళ్ళయినా ఆమె ముందు దిగదుడుపే.

అలాంటామె కడుపున సత్యశ్రీ పుట్టింది. తూటిలంక నుంచి డిగ్రీ కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్ల. ఇంజనీరింగూ కంప్యూటరూ తప్ప మరో చదువే లేదని బెజవాడంతా బోర్డులు కట్టుకున్న రోజులవి. ఈ పిల్ల పోయి పోయి మనుషుల గురించి చదివే చదువులో చేరింది. ఆంత్రోపాలజీ అంటే ఏంటని తల్లి అడిగింది.

"మనుషులు ఎట్టా బతుకుతారో, ఏ ఆచారాలు పాటిస్తారో తెలుసుకోటమమ్మా."

"దానికి కాలేజీ ఎందుకే. బజార్లో తట్ట పెట్టుకుని కూచుంటే సరిపోద్దిగా."

ఆ మాటలో ఎంతో కొంత నిజం లేకపోలేదు. అయినా కూతురి హాస్టలు సామాను తనే నెత్తిన పెట్టుకుని మోసుకెళ్ళి దింపి వచ్చింది.

2002లో సత్యశ్రీ ఆఖరి ఏడుకి వచ్చింది. ఒక ఊరు ఎంచుకుని, అక్కడి జనం పనీ పాటా, నమ్మకాలూ తెలుసుకుని ప్రాజెక్టు రాయాలి. తోటి పిల్లల్లో ఒకరు కూచిపూడి వెళ్ళి నాట్యం నేర్పే ఇళ్ళ గురించి, మరొకరు కంకిపాడు వెళ్ళి కౌలుకి చేసే రైతుల గురించి రాసుకుంటున్నారు. బస్సుల్లో పడి తిరిగి, ఎండకి మాడి వస్తున్నారు. సత్యశ్రీ సొంత ఊరినే ఎంచుకుని, హాస్టలు గది దాటకుండా తొమ్మిది రోజుల్లో నలభై పేజీలు రాసేసింది. పుట్టి పెరిగిన ఊరు, తెలియనిదేముంది అనుకుంది.

పాఠం చెప్పే వెంకటరత్నమ్మ గారు నలభై పేజీలూ చదివి, పద్దెనిమిదో పేజీలో ఒక్కచోట ఎర్ర సిరాతో గీత గీశారు. అక్కడ ఇలా ఉంది: "వల వేసే దోనెలో ఆడమనిషి కాలు పెట్టదు. పెడితే చేప ఆ నీళ్ళు వదిలి పోతుందని నమ్మకం. పట్టడం మగవాళ్ళ పని, అమ్మడం ఆడవాళ్ళ పని." పక్కనే మేడం రాసింది రెండే మాటలు. "ఎవర్ని అడిగావు?"

"అందరికీ తెలిసిందే కదండీ మేడం" అంది సత్యశ్రీ.

"బయటి ఊరు వెళ్ళేవాళ్ళు తెలియక తప్పు రాస్తారమ్మా. సొంత ఊరివాళ్ళు తెలుసు గదా అని తప్పు రాస్తారు. నలభై పేజీల్లో నువ్వు తప్ప ఒక్క మనిషీ మాట్లాడలేదు. వెళ్ళి అడుగు. అడిగి రాశాక ఆ ఊరివాళ్ళకి చదివి వినిపించు. వాళ్ళు సరేనంటేనే నేను సంతకం పెడతాను. నా పిల్లలందరికీ ఇదే షరతు."

మార్చి నెలాఖరుకి సంతకం పడకపోతే ఏడాది పోయినట్టే. సత్యశ్రీ ఆ శనివారమే తట్టతో పాటు తల్లి వెంట రైలెక్కింది.

మర్నాడు పెద్దింట్లమ్మ దొడ్లో కూర్చుని జెల్ల చేపలు తోముతుంటే, కూతురు పుస్తకం పట్టుకుని ఎదురుగా పీట వేసుకుంది.

"నీ పేరు?"

"నా పేరు నీకు తెల్దా?"

"తెలుసనుకునే గదా మేడం చేత తిట్లు తిన్నాను. నువ్వే చెప్పాల."

"సరే రాసుకో. పెద్దింట్లమ్మ. ఏ సంవత్సరంలో పుట్టానో అడగమాక, తెల్దు. దివిసీమ ఉప్పెన నాటికి పెళ్ళయింది, నువ్వు పుట్టలేదు."

అలా ఓ గంట గడిచింది. పెద్దింట్లమ్మకి సరదా పుట్టుకొచ్చింది. పుట్టి బుద్ధెరిగాక తన మాట ఎవరైనా రాసుకోవడం అదే మొదలు. ఏ చేప ఏ నెలలో గుడ్డు పెడుతుందో, బెజవాడలో ఏ వీధివాళ్ళు ముళ్ళున్న చేప ముట్టరో అడక్కపోయినా చెప్పింది. సత్యశ్రీ ఖాళీ నింపడానికన్నట్టు చివరి ప్రశ్న వేసింది.

"వల దోనె ఎప్పుడైనా ఎక్కావా?"

పెద్దింట్లమ్మ చేతిలో జెల్ల చేతిలోనే ఉండిపోయింది. కూతురు తలెత్తి చూసింది. లేదని ఒక్క మాట అనేస్తే పోయేది. బజార్లో రోజుకి వంద మాటలాడే మనిషికి ఆ ఒక్క మాట నోట్లోంచి రాలేదు. చివరికి ఉన్నదంతా చెప్పుకొచ్చింది.

సత్యశ్రీకి ఏడేళ్ళప్పుడు ఎల్లారావు తొడ ఎముక విరిగి ఎనిమిది నెలలు మంచాన పడ్డాడు. ఊరి కట్టుబాటు ప్రకారం దోనె నీళ్ళలోకి దిగని ఇంటికి కొల్లేట్లో ఉన్న వాటా ఇంకొకరికి పోతుంది. వాటా పోతే తట్టలోకి చేప లేదు, కుండలోకి గింజ లేదు. పెద్దింట్లమ్మ నాలుగు రోజులు ఆలోచించి, అయిదో రోజు తెల్లవారకముందే మొగుడి చొక్కా తొడుక్కుని, తలకి తువ్వాలు చుట్టి, గెడ పట్టుకుని దోనెక్కింది. అవతలి గట్టుకి ఇల్లరికం వెళ్ళిన తన తమ్ముడు వచ్చి వల వేస్తున్నాడని ఊళ్ళో చెప్పింది. ఎండెక్కేలోపు తిరిగొచ్చి, చీర కట్టుకుని, పట్టిన చేపలే తట్టకెత్తి బెజవాడ రైలెక్కేది.

"చేపలు పోలేదా అమ్మా?"

"పోలేదే. మీ నాన్న తెచ్చేదానికన్నా ఎక్కువే పడ్డాయి. అదే ఇంకా భయమేసింది" అంది పెద్దింట్లమ్మ. "అబద్ధమెందుకు, బాగుండేది. నీళ్ళ మీద నేనొక్కదాన్నే ఉంటే ప్రాణానికి హాయిగా ఉండేది" అని, ఆ మాట అన్నందుకు తనే సిగ్గుపడింది. తరవాత గట్టిగా చెప్పింది. "ఇది రాయొద్దు."

ఎందుకు వద్దంటుందో సత్యశ్రీకి తెలుసు. ఆడమనిషి దోనెక్కిందని రుజువైతే ఆ ఇంటి దోనె ఏడాది పాటు గట్టుకి కట్టేస్తారు. ఎన్నేళ్ళ కిందటిదైనా తప్పు తప్పే. ఎల్లారావు ఇప్పటికీ ఆ కుంటికాలుతోనే రోజూ వలకి వెళ్తున్నాడు. తన చదువు సాగుతున్నదీ ఆ దోనె మీదే.

సత్యశ్రీ వారం రోజులు ఊరంతా తిరిగింది. ఎవర్ని అడిగినా ఆడమనిషి దోనెక్కదనే చెప్పారు, ఒకే మాట, ఒకే వరస. తిరిగొచ్చి తల్లి దగ్గర కూర్చుంది.

"పేజీ అట్టాగే ఉంచితే అబద్ధమని నాకు తెలుసు. తెలిసి రాయలేనమ్మా. ఈ యేడు పోతే పోయింది, వచ్చే యేడు వేరే ఊరు చూసుకుంటాను."

పెద్దింట్లమ్మకి ఒళ్ళు మండింది. ఏడాది చదువు పోవడమంటే ఈ పిల్లకి తేలిగ్గా ఉంది. ఇన్నేళ్ళు రైల్లో తట్ట మోసి, మాటలు పడి చదివించిన చదువు. తిట్టడానికి నోరు తెరిచింది గాని, అబద్ధం చెప్పనందుకు కన్నకూతుర్ని ఏమని తిట్టాలో తెలియలేదు.

అరుగు మీద వల బాగుచేసుకుంటున్న ఎల్లారావు అంతా వింటూనే ఉన్నాడు. మాట పొదుపు మనిషి. "ఎనిమిది నెలలు మంచాన పడి ఎవరు పెట్టిన కూడు తిన్నావని దేవుడడిగితే నేనైతే అబద్ధం చెప్పలేను. రాయమను. పేరు లేకుండా రాయమను" అన్నాడు. ఆ ఎనిమిది నెలల గురించి పన్నెండేళ్ళలో అతను నోరు తెరవడం అదే మొదటిసారి. పెద్దింట్లమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది. రాయొద్దని మాత్రం మళ్ళీ అనలేదు.

మార్చిలో ఓ ఆదివారం సాయంత్రం రామాలయం ముందు జనం చేరారు. కులపెద్ద జక్కయ్య కుర్చీలో, మగవాళ్ళు అరుగుల మీద, ఆడవాళ్ళు ఓ పక్కగా చాప మీద. తమ ఊరి గురించి పుస్తకం రాశారంటే ఎవరికి చేదు? తుఫానుకి గల్లంతైన వాళ్ళ పేర్లు చదివినప్పుడు ముక్కులు చీదారు. జక్కయ్య తండ్రి గట్టు పోయించిన కథ చదివితే జక్కయ్య మీసం దువ్వుకున్నాడు. పదిహేడో పేజీ అయిపోయింది. సత్యశ్రీ తల్లి వైపు చూసింది. పెద్దింట్లమ్మ తల దించుకుని చాప పుల్లలు లాగుతోంది.

"వల వేసే దోనెలో ఆడమనిషి కాలు పెట్టకూడదన్నది ఊరి కట్టు" అని చదివింది సత్యశ్రీ. "అయితే ఇంట్లో మగమనిషి మంచాన పడిన ఒక కాలంలో, ఒక ఆడమనిషి ఎనిమిది నెలలు దోనె నడిపి, వల వేసి ఇల్లు నిలబెట్టింది. చేపలు నీళ్ళు వదిలి పోలేదు."

జక్కయ్య కుర్చీలో ముందుకి వంగాడు.

"ఎవరా ఆడమనిషి?"

"పేరు చెప్పకూడదు తాతా. మా చదువులో అది నియమం."

"నీ చదువుకి నియమముంటే మా ఊరికీ ఉంది. పేరు చెప్పకుండా మా ఊరి మీద అంత మాట రాస్తే ఒప్పుకునేది లేదు. ఆ పుస్తకం ఇక్కడే వదిలి పో."

సత్యశ్రీ కాగితాలు గుండెకి అదుముకుంది. పేరు చెబితే దోనె పోతుంది, చెప్పకపోతే చదువు పోతుంది. అరుగు మీద ఎల్లారావు లేవబోయాడు, కాలు సహకరించలేదు. ఈలోగా చాప మీద పెద్దింట్లమ్మ లేచి నిలబడింది.

"నేనే మావయ్యా. దోనె కట్టేసుకుంటే కట్టేసుకో. పిల్ల పుస్తకం పిల్లకిచ్చెయ్యి."

జక్కయ్య గొంతు సవరించుకుని తీర్పు చెప్పబోయాడు. అప్పుడు అతని భార్య నాంచారమ్మ, అరవై దాటిన మనిషి, చాప మీదనుంచి కదలకుండానే పెద్దింట్లమ్మ కొంగు పట్టి లాగింది.

"కూచోవే. నువ్వొక్కదానివేనా?"

జక్కయ్య భార్య వైపు తిరిగాడు. "ఏంటి నువ్వనేది?"

"నువ్వు కడుపు ఆపరేషనుకని గుంటూరు పెద్దాసుపత్రిలో మూడు నెల్లున్నావే, ఆ మూడు నెల్లూ ఇంట్లోకి చేపలెట్టా వచ్చాయనుకున్నావు?"

"మీ అన్న వచ్చి పట్టాడన్నావుగా."

"మా అన్నకి ఉబ్బసం. నీళ్ళలో దిగితే వారం మంచం. ముప్పయ్యేళ్ళు బావా బావా అని తిరిగావు, ఆ మాత్రం తెల్దా?"

ముందు నవ్వింది ఎవరో తెలియదు గాని, ఆడవాళ్ళ పక్కనుంచే మొదలైంది. ఆ నవ్వులో వెనక వరసలోంచి ఒకామె, తన అత్తగారు కూడా వెళ్ళేదని, చచ్చిపోయేముందు తనకొక్కదానికే చెప్పిందని అంది. మరొకామె చెయ్యెత్తి, మొగుణ్ణి చూసి దించేసి, మళ్ళీ ఎత్తింది. సత్యశ్రీ వారమంతా ఒంటరిగా ఒక్కో గడపలో అడిగినప్పుడు వీళ్ళే ఆడమనిషి దోనెక్కదని చెప్పినవాళ్ళు.

కట్టేయడం మొదలుపెడితే ముందు జక్కయ్య తన దోనెతోనే మొదలుపెట్టాలి. అతను సత్యశ్రీ వైపు తిరిగి, "అమ్మాయ్, ఒక ఆడమనిషి అని రాశావే, అది తప్పు. దిద్దుకో" అన్నాడు. "ఎంతమందని రాయను తాతా" అంటే, "నన్నడుగుతావేంటి. నాకేం తెలుసని. వాళ్ళనడుగు" అని చాప వైపు చెయ్యి చూపించాడు.

సత్యశ్రీ పుస్తకం తెరిచి ఆడవాళ్ళ మధ్యకి వచ్చి కూర్చుంది. పెద్దింట్లమ్మకి చుట్టూ మాటలు వినపడుతున్నాయి గాని మనసుకెక్కడం లేదు. పన్నెండేళ్ళుగా కొల్లేట్లో తానొక్కతే దొంగ అనుకుంది. గంగమ్మకి దణ్ణం పెట్టినప్పుడల్లా ముందు క్షమించమని, తరవాతే కాపాడమని అడిగేది. ఇప్పుడు ఏడుపొస్తోంది, నవ్వొస్తోంది, ఏది ముందు రానివ్వాలో తెలియక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాంచారమ్మ ఆమె దగ్గరికి జరిగి చెవిలో అడిగింది. "నువ్వు ఏ పక్కకి వెళ్ళేదానివే?"

"తూరుపు రెల్లు పక్కకత్తా. అక్కడైతే ఎవరికీ కనపడం గదా."

"నేనూ అటేనే" అంది నాంచారమ్మ.