బొగ్గు కారుకు బట్టలు పెట్టిన కథ

కారు కొన్నవాళ్ళకి ఈ మధ్య జరుగుతున్న మర్యాదలు చూస్తుంటే నాకు ముచ్చటేస్తుంది. ఇంటికే వచ్చి సర్వీసు చేస్తారట, అడక్కుండానే ఏదో ఒక కానుక చేతిలో పెడతారట. ఈ మర్యాదలు బెజవాడలో మొదలుపెట్టింది నేనే అంటే మా ఇంట్లో ఎవరూ నమ్మరు (నమ్మకపోవడమే నయం, తరవాత ఏమైందో కూడా చెప్పాల్సి వస్తుంది). ఆ రోజుల్లో, అంటే రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న కాలంలో, పెట్రోలు కూపన్ల మీద కొద్దికొద్దిగా ఇచ్చేవారు. అది చాలక కార్లున్నవాళ్ళు వెనకాల నిలువెత్తు డ్రమ్ము బిగించుకుని, అందులో బొగ్గులు కాల్చి, ఆ గ్యాసుతో ఇంజను నడిపించుకునేవారు. ఆ డ్రమ్ములు బిగించే షెడ్డొకటి పటమట దారిలో ఉండేది. పందొమ్మిదేళ్ళ వయసులో నేను అక్కడ పనికి కుదిరాను.

గ్యాసుతో పాటు వచ్చే మసి ఇంజనులోకి పోకుండా మధ్యలో ఒక పెట్టె, ఆ పెట్టెలో వడకట్టడానికి ఒక గుడ్డ ఉండేవి. షెడ్డులో అందుకు పాత చీరల ముక్కలు వాడేవారు. అవి మసిపట్టి కారు ఆగిపోయినప్పుడల్లా ఓనర్లు మా మీదికి దండెత్తేవారు. "నెలకోసారి మనమే ఇళ్ళకెళ్ళి అంతా శుభ్రం చేసి, కొత్త గుడ్డ ఊరికే వేసి వద్దామండీ" అన్నాను మేస్త్రీగారితో. "ఊరికే అంటే ఊరంతా వస్తార్రా! సరే, అంత సరదాగా ఉంటే గుడ్డ నువ్వే తెచ్చుకో" అన్నాడాయన. గుడ్డకి నాకేం లోటు? మాది పెడనలో నేత ఇల్లు. నూలు దొరకని ఆ రోజుల్లో కూడా మా నాన్న ఎలాగో సర్ది నాలుగు గజాలు నేసి ఇచ్చాడు. "నా నేతలోంచి గాలి కూడా దూరదు, చూసుకో" అన్నాడు. నేను పొంగిపోయాను. గాలే దూరకపోతే కారెలా నడుస్తుందన్న ఆలోచన ఆయనకీ రాలేదు, నాకూ రాలేదు. పైగా మావాళ్ళలో ఒకరికి కొత్తబట్ట పెడితే తడిపి పెట్టకూడదు. గంజితో పెళపెళలాడుతుండాలి, మూలలకి పసుపు అంటించి ఉండాలి. ఉతికి ఇస్తే కట్టి విడిచింది ఇచ్చినట్టు లెక్క.

మొదటి మర్యాద భవానీపురంలో ఉండే డాక్టరమ్మగారి కారుకి జరిగింది. ఆవిడ కారు ఆవిడే నడుపుకునేవారు. పసుపు బొట్లు చూసి నవ్వి, "ఏమోయ్, నా కారుకి పెళ్ళా?" అన్నారు. నేను పెట్టె మూత బిగిస్తుండగానే ఒక రైతు పరుగెత్తుకుంటూ వచ్చాడు. మైలవరం నుంచి మొదటి బస్సులో వచ్చాడట. "మా ఇంటిదండీ, నిన్నట్నుంచీ నొప్పులు పడతానే ఉందండీ. మంత్రసాని చేతులెత్తేసిందండీ" అంటూ వాకిట్లోనే కూలబడ్డాడు. డాక్టరమ్మగారు మందుల పెట్టె అందుకుని, "నువ్వూ ఎక్కవోయ్, నిప్పు చూసుకుందువుగాని" అన్నారు నాతో. నేను పెళ్ళికొడుకులా ఎక్కాను.

కొండపల్లి దాటాక కారు ముందు దగ్గింది, తరవాత మూలిగింది, ఆ తరవాత ఆగిపోయింది. గుడ్డ పెట్టె దగ్గరికెళ్ళి చెయ్యి వేశానో లేదో నాకు నా గుడ్డ మీదే అనుమానం తగిలింది. అయినా నేనేమన్నానో తెలుసా? "బొగ్గులు తడిసినట్టున్నాయండీ" అన్నాను. డ్రమ్ము తెరిచి నిప్పు కెలికాను, నిప్పుకి గాలి కొట్టే పంకా తిప్పాను, చెమటలు కక్కుతూ మహా పనిమంతుడిలా అటూ ఇటూ తిరిగాను. పావుగంట గడిచింది. ఆ రైతు రోడ్డు మధ్యలో నిలబడి, "ఎడ్లబండైనా పట్టుకొస్తానండీ, అది పోద్దండీ, నా పెళ్ళాం పోద్దండీ" అని ఏడవడం మొదలెట్టాక అప్పుడు తెరిచాను ఆ పెట్టె. గ్యాసు తడికి గంజి అంతా కరిగి, గుడ్డ అంబట్లో ముంచి తీసినట్టుంది. దాన్ని లాగి చేలోకి విసిరేశాను.

వడపోత లేకుండా నడిపితే ఇంజను మసికొట్టుకుని ఊరు చేరకుండానే చచ్చిపోతుంది. గుడ్డ కావాలి, అదీ బాగా నలిగిన మెత్తటి గుడ్డ కావాలి. అంత నలిగింది ఆ చుట్టుపక్కల నా నడుముకున్న పంచె ఒక్కటే. (ఎన్ని ఉతుకులు ఉతికారో, ఆరేస్తే అవతలి మనిషి కనబడేవాడు. దాన్ని నలుగురిలో కట్టుకోవడానికి సిగ్గుపడేవాణ్ణి.) విప్పేసి మడతపెట్టి బిగించాను. మళ్ళీ పంకా తిప్పితే ఇంజను అందుకుంది. డాక్టరమ్మగారు రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. నిక్కరుతో కూర్చున్న నన్ను చూసి ఆ రైతే తన తలగుడ్డ విప్పి, "కట్టుకోండి బాబూ" అని ఇచ్చాడు. ఏడుస్తూనే ఇచ్చాడు.

మైలవరంలో మేం దిగిన గంటకి లోపల్నుంచి పసిపిల్ల ఏడుపు వినిపించింది. డాక్టరమ్మగారు చేతులు తుడుచుకుంటూ అరుగు మీదికి వచ్చి, "తల్లీ దక్కింది, పిల్లా దక్కింది. ఇంకో పావుగంట ఆలస్యమైతే నేను చేసేదేమీ ఉండేది కాదు" అన్నారు. "ఆ దారిలో పోయిన పావుగంట నాదేనండీ, బొగ్గులది కాదు. గుడ్డ సంగతి నాకు ముందే తెలిసింది, చెప్పడానికి సిగ్గేసింది" అన్నాను. "నాకెందుకు చెబుతావు? ఆయనకి చెప్పు" అన్నారావిడ.

చెప్పాను. ఆయనిచ్చిన తలగుడ్డే నడుముకి చుట్టుకుని, ఆయన ముందు నిలబడి, పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయన చివరిదాకా విన్నాడు. మొహం ఎర్రబడింది. "అది బతికింది కాబట్టి సరిపోయిందండీ. లేకపోతే మిమ్మల్ని ఇక్కడే పాతేసేవాణ్ణి" అన్నాడు. ఉత్తినే అన్న మాట కాదది. తరవాత కళ్ళు తుడుచుకుని, "కాళ్ళు కడుక్కోండి, అన్నం తిందురుగాని" అన్నాడు.

ఆ తరవాత ఎన్నో ఏళ్ళు ఎన్నో బళ్ళు బాగుచేశాను, తెలియనప్పుడు తెలియదనడం కూడా నేర్చుకున్నాను. కానీ ఆ మధ్యాహ్నం తలగుడ్డ జారిపోకుండా ఒక చేత్తో పట్టుకుని విస్తరి ముందు కూర్చున్న కుర్రాడు గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. వాడికి ఆకలి దంచేస్తోంది. అయినా వడ్డిస్తున్నది ఆ రైతే కావడంతో, పాపం, మారు పప్పు అడగడానికి నోరు రాలేదు.