రేటు తగ్గేదాకా ఆగిన ఓడ ప్రయాణం

ఆ రోజుల్లో అని మొదలుపెట్టడానికి నాకింకా తగినంత వయసు రాలేదు. నేను చెప్పబోయేది జరిగి నాలుగేళ్లు కూడా నిండలేదు. అయినా అప్పటి నన్ను తలచుకుంటే ఎవరో దూరపు చుట్టాలబ్బాయిని తలచుకున్నట్టే ఉంటుంది కాబట్టి, ఆ రోజుల్లో అనే అంటాను. ఆ రోజుల్లో నాకు ఇరవై మూడేళ్లు. పెనుకొండ దగ్గర ఒక ఫ్యాక్టరీలో పర్చేజ్ డిపార్ట్‌మెంట్లో కొత్తగా చేరాను. బోల్టులు, చేతి తొడుగులు, అట్టపెట్టెలు కొనడం మా పని. కొనడమంటే నిజానికి వీలైనంత కాలం కొనకుండా ఉండడం. మా పైన ఉండే సారు (ఆయనకు మేం చాటుగా పెట్టుకున్న పేరు కొటేషన్ సారు) మొదటి రోజే నన్ను కూర్చోబెట్టి, "వాళ్లు చెప్పిన రేటుకు సరే అనేదానికైతే నీకు జీతం ఎందుకప్పా? రెండు వారాలు ఊరికే ఉండు. వాళ్లే ఫోన్ చేస్తారు" అన్నాడు. అట్టపెట్టెల వాళ్లు నిజంగానే రెండు వారాలకు ఫోన్ చేసి రేటు తగ్గించారు. ఇక లోకంలో ఏ వస్తువునూ చెప్పిన ధరకు కొనకూడదని నేను తీర్మానించుకున్నాను. ధర్మవరం స్టేషన్ బయట అరటిపళ్లామె దగ్గర కూడా ధర అడిగి, మాట్లాడకుండా నిలబడి చూశాను. ఆమె రెండు వారాలు ఆగే మనిషి కాదు. నా పక్కనున్నాయనకు అమ్మేసింది.

మా ఇల్లు ధర్మవరంలో. ఇంట్లో ఒక మగ్గం. నాయన పట్టుచీరలు నేస్తాడు, అమ్మ పట్టుదారం కండెలకు చుడుతుంది, నాయన తల్లి అయిన మా అవ్వ వాకిట్లో కూర్చుని వచ్చేపోయే వాళ్లతో మాట్లాడుతుంది. అమ్మ చెల్లెలు, అంటే మా చిన్నమ్మ, హిందూపురంలో ఉంటుంది. ఇంట్లోనే చీరలు పెట్టుకుని ఫోన్లో చూపించి అమ్ముతుంది. నాయన నేసినవి కొన్ని ఆమె చేతి మీదుగానే పోతాయి. అలా ఒక చీర కొన్న బెంగళూరు ఆమె ఒకరోజు చిన్నమ్మకు ఫోటో పంపింది. పెద్ద ఓడ, దాని పై అంతస్తు, వెనకాల సముద్రం, మధ్యలో మా నాయన నేసిన వంకాయ రంగు చీర కట్టుకుని ఆమె. చిన్నమ్మ దాన్ని మాకు పంపింది. నాయన ఫోన్ తీసుకుని, వేళ్లతో పెద్దది చేసి అంచు చూసి, "జరీ బాగా కనపడతాండాది" అని ఇచ్చేశాడు. అమ్మ తీసుకుని చీరను వదిలేసి ఓడను పెద్దది చేసింది. కిటికీలు, మెట్లు, ఈతకొలను ఒక్కొక్కటే చూసింది. "మనం నేసిన చీర పోయొచ్చింది. మనం పోలేదు" అంది. ఫిర్యాదుగా కాదు, ఉన్న మాట అన్నట్టే అంది. నేను ఉద్యోగస్థుణ్ణి అయిన ఊపులో ఉన్నాను. "నేను పిల్చుకొని పోతాలేమ్మా" అన్నాను.

ఆ మాట అన్న వారానికే చిన్నమ్మ నన్ను హిందూపురంలో తనకు తెలిసిన ట్రావెల్స్ ఆఫీసుకు తీసుకుపోయింది. చెన్నైలో ఎక్కి, మూడు రాత్రులు సముద్రం మీద తిరిగి, మళ్లీ చెన్నైలోనే దిగే ఓడ. ట్రావెల్స్ ఆయన నెమ్మదైన మనిషి. "ఇప్పుడైతే సముద్రం వైపు కిటికీ ఉండే గదులు దొరుకుతాయి, తేదీ కూడా మీకు వీలైంది చూసుకోవచ్చు. ఆగితే ఏమవుతుందో నేను చెప్పలేను సార్. ఒక్కోసారి తగ్గుతుంది, ఒక్కోసారి పెరుగుతుంది" అన్నాడు. నాకు తగ్గుతుంది అన్న ముక్క మాత్రమే వినిపించింది. "ఖాళీ గదులు పెట్టుకొని ఓడ ఎట్ల పోతాదన్నా? కడాకు వాళ్లే తగ్గిస్తారు" అన్నాను (నా నోట్లోంచి కొటేషన్ సారు గొంతు నాకే వినిపించింది). బయటికి వచ్చాక చిన్నమ్మ అంది: "రేయ్, ఆషాఢంలో తగ్గిస్తారని చీర చూసిపెట్టుకొని పోయేవాళ్లను నేను ఏటా చూస్తాండా. ఆషాఢానికి వస్తారు. దుడ్లు తగ్గింటాయి, వాళ్లు చూసిన చీర ఉండదు. ఉండేదాంట్లో ఏదో ఒకటి తీసుకొని, దానికోసమే వచ్చినట్ల ముఖం పెట్టుకొని పోతారు."

"చీర వేరు, ఓడ వేరు చిన్నమ్మా."

"ఔనప్పా. చీరైతే మళ్లీ వచ్చి మార్చుకుంటారు" అంది, ఆటోను పిలుస్తూ.

అలా మొదలైంది నా కాపలా. ఆఫీసులో నేర్చిన విద్యంతా పెట్టి కంప్యూటర్లో ఒక పట్టిక తయారుచేశాను. తేదీ, వారం, గది రకం, ఎన్నో అంతస్తు, నిన్నటి రేటు, ఈనాటి రేటు, తేడా, ఇలా మొత్తం పదకొండు గడులు. ధర్మవరం నుంచి పెనుకొండకు రైల్లో పోతూ ఒకసారి, భోజనం వేళ ఒకసారి, తిరిగొస్తూ ఒకసారి, రాత్రి ఇంట్లో కూర్చుని ఒకసారి ఫోన్లో రేటు చూసి అందులో ఎక్కించేవాణ్ణి. ఒక వారం తగ్గింది. ఇంకా తగ్గుతుందని ఆగాను. మరుసటి వారం పెరిగింది. పెరిగినప్పుడు కొనడం ఎలాగూ తప్పు కాబట్టి ఆగాను. ఇంకా రెండే గదులు మిగిలాయని, నేను రేటు చూసే యాప్ మూడు వారాల పాటు చెబుతూనే ఉంది. ఆ రెండు గదుల మీద నాకు మెల్లగా కోపం కూడా పెరిగింది. ఫ్యాక్టరీలో క్యారియర్లు విప్పే చోట తోటివాళ్లు బంగారం రేటు అడిగినట్టు "ఈ పొద్దు ఓడ ఎంతలో ఉండాదప్పా?" అని అడిగేవాళ్లు. నాకది మర్యాదగానే తోచేది. అమ్మ మొదట్లో వీధిలో అందరికీ చెప్పింది. ఓడ మీద గాలి ఎక్కువని ఎవరో అంటే తలకు కట్టుకునే ఉన్ని గుడ్డ కొనుక్కుంది. నెల దాటాక ఎవరైనా అడిగితే "వాడు చూస్తాండాడు" అనేది. రెండు నెలలు దాటాక ఎవరూ అడగలేదు. నాయన ఈ విషయంలో ఏమీ అనలేదు. నేనూ ఆయన్ను ఏమీ అడగలేదు.

మూడో నెలలో ఒక బుధవారం భోజనం వేళ ఆ యాప్ నుంచి మెసేజ్ వచ్చింది. సగానికి సగం తగ్గింపు. నలుగురు పట్టే గది. వచ్చే సోమవారమే ప్రయాణం. లోపలి గది, కిటికీ ఉండదు, కట్టిన డబ్బు వాపసు రాదు అని కింద చిన్న అక్షరాల్లో ఉంది. చిన్న అక్షరాలు చదవడమే నా ఉద్యోగం కాబట్టి చదివాను, చదివి పట్టించుకోలేదు. కుడిచేతిలో ముద్ద అలాగే ఉండగా ఎడమచేత్తో నాయన, అమ్మ, అవ్వ, నేను, నలుగురికీ బుక్ చేసేశాను. కొటేషన్ సారు వచ్చి భుజం తట్టాడు. సాయంత్రం ధర్మవరంలో దిగి, అరకిలో మైసూరుపాకు కొనుక్కుని (చెప్పిన ధరకే) ఇంటికి పోయాను.

నాయన మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేస్తున్నాడు. నేను పొట్లం పట్టుకుని నిలబడి వార్త చెప్పాను. మగ్గం చప్పుడు ఆగింది.

"సోమవారమా?" అన్నాడు.

"ఔ నాయనా. ఆదివారమే రైలెక్కల్ల."

నాయన మగ్గం మీది ఎర్రచీరను చూపించాడు. అది సగం కూడా కాలేదు. "ఇది బత్తలపల్లి వాళ్ల పెండ్లి చీర. వచ్చే శుక్రవారానికల్లా ఇయ్యల్ల."

"వేరే ఎవరితోనన్నా నేయించేకి కాదా?"

"చెయ్యి మారితే నేత మారతాది. కట్టుకొనే పాపకు తెల్దు. నాకు తెలుస్తాది గదప్పా."

తిట్టలేదు. తిట్టి ఉంటే నేనూ ఏదో ఒకటి అని బయటపడేవాణ్ణి. ఆయన మళ్లీ నేత మొదలుపెట్టాడు. అమ్మేమో, "మీరు పోయి రండి. నేను పోతే ఈయప్పకు కండెలు చుట్టేదెవరు, అన్నం పెట్టేదెవరు?" అంది. అంటూనే, నా మాట వినగానే మంచం కింది నుంచి లాగిన సంచిని కాలితో మళ్లీ లోపలికి తోసింది. ఉన్ని గుడ్డ మాత్రం తెచ్చి అవ్వ చేతిలో పెట్టింది. గుడ్డ చేతికి అందగానే అవ్వ, "కట్టిన దుడ్డు పోగొట్టేది ఎందుకు? నేనైతే వస్తా" అంది. మరుసటి రోజంతా ఫోన్లు చేసి అమ్మ పేరు తీయించి చిన్నమ్మ పేరు పెట్టించాను. నాయన టిక్కెట్టు అలాగే పోయింది.

ఆదివారం నేనూ అవ్వా బెంగళూరు రైలెక్కాం. హిందూపురంలో చిన్నమ్మ చిత్రాన్నం డబ్బాతో ఎక్కింది. "లోపలి గదియంట కదా" అని మాత్రం అంది. బెంగళూరులో రైలు మారి చెన్నై చేరాం. ఓడను చూడగానే అవ్వ, "ఇంత ఇనుము నీళ్ల మీద నిలబడతాదా?" అని అక్కడున్న పోలీసును అడిగింది. ఆయనకు తెలుగు రాదు గానీ తల ఊపాడు. గదిలోకి పోయాం. కింద రెండు పడకలు, పైన రెండు పడకలు, నాలుగు గోడలు. అవ్వ నాలుగు గోడల వైపూ తిరిగి చూసింది.

"ఏమబ్బా, సముద్రం యాడ ఉండాది?"

"బయట ఉండాది అవ్వా."

"బయట ఉండాదని నాకూ తెలుసు. ఈడికి ఎట్ల కనపడాల?"

"ఈడికి కనపడదు అవ్వా. అందుకే తక్కువకు ఇచ్చినారు."

"అట్లయితే ధర్మవరంలోనే పండుకొనింటే ఇంగా తక్కువ కదా."

చిన్నమ్మ స్నానాల గదిలోకి పోయి తలుపేసుకుంది. లోపలి నుంచి నీళ్ల చప్పుడు రాలేదు, నవ్వు చప్పుడే వచ్చింది.

అవ్వ ఆ గదిలో పడుకోవడానికి తప్ప ఉండలేదు. పొద్దున లేచింది మొదలు పై అంతస్తులో ఉన్ని గుడ్డ కట్టుకుని కుర్చీలో కూర్చుంది. ధర్మవరం వాకిట్లో చేసే పనే అక్కడా చేసింది. పక్కన ఎవరు కూర్చున్నా యా ఊరు, ఎంతమంది పిల్లోళ్లు, ఈ ఓడకు ఎంత ఇచ్చినారు అని వరసగా అడిగింది. తమిళం వాళ్లను తెలుగులో అడిగింది, హిందీ వాళ్లనూ తెలుగులోనే అడిగింది. అందరూ చెప్పారు. రెండో రోజు మధ్యాహ్నానికల్లా ఆ ఓడలో ఎవరెవరు ఎంత కట్టారో తెలిసిన మనిషి, ఓడ వాళ్లు కాక, మా అవ్వ ఒక్కతే. నన్ను పిలిచి, "ఒరే, ఆ పచ్చ చొక్కాయన ఉండాడే, ఆర్నెల్ల ముందరే కట్టినాడంట. కిటికీ ఉండాదంట. నీకన్నా రవ్వంత తక్కువేనంట" అంది. నా ముఖం చూసి ఊరడించాలనుకుందేమో, "ఆ మూలన కూర్చున్నామె నీకన్నా శానా ఎక్కువ కట్టిందిలే. ఆమె బాగనే నవ్వుకుంటా ఉండాది, నువ్వే అట్ల కూర్చున్నావు" అని కూడా అంది. చిన్నమ్మ కమ్మీ పట్టుకుని అటు తిరిగి నిలబడింది. "చేపలేవన్నా కనపడతాయేమో చూస్తాండా" అంది, నేనేమీ అడగకుండానే.

అబద్ధమెందుకు, సముద్రం చాలా బాగుంది. అమ్మకు పంపుదామని బోలెడు ఫోటోలు తీశాను. నడి సముద్రంలో సిగ్నల్ లేక ఒక్కటీ పోలేదు.

శుక్రవారం ఇంటికి వచ్చేసరికి నాయన ఎర్రచీరను మగ్గం మీంచి కోసి మడతపెడుతున్నాడు. "రేటు బాగా కలిసొచ్చిందా?" అని అడిగాడు. ఎగతాళి ఆయనకు చేతకాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. ఏమో నాయనా అన్నాను. ఆయన చీరకు కాగితం చుడుతూ, "నన్నొక మాట అడిగింటే చెప్తాంటి. ఒక పడుగు అయిపోయి ఇంకో పడుగు అతికే లోపల నాలుగైదు దినాలు నాకు పనుండదు. ముందరే తెలిసింటే దానికి తగినట్ల పని ఒప్పుకొనే వాణ్ణి" అన్నాడు. నా పట్టికలో పదకొండు గడులున్నాయి. ఓడలో గది ఎన్నో అంతస్తులో ఉందో రాసుకున్నాను. మా నాయనకు ఎప్పుడు తీరికో రాసుకునే గడి లేదు. మూడు నెలలు నేను ఇంట్లో కూర్చుని ఫోన్లో రేటు చూస్తుంటే, ఆయన నాకు ఆరడుగుల దూరంలోనే నేస్తూ కూర్చున్నాడు.

మరుసటి ఏడు ముందు మగ్గం దగ్గరికి పోయి అడిగాను. ఆయన ఎడమచేతి వేళ్ల మీద చీరలు లెక్కపెట్టుకుని, ఉగాది దాటిన రెండో వారం అన్నాడు. ఆ ఆదివారమే హిందూపురం పోయి, ట్రావెల్స్ ఆయన దగ్గర, ఐదు నెలల ముందుగా, అమ్మకు, నాయనకు, నాకు కలిపి కిటికీ ఉన్న గది, చెప్పిన రేటుకు తీసుకున్నాను. ఆయన నన్ను గుర్తుపట్టాడు గానీ మంచి మనిషి, రశీదు రాసిచ్చి పంపాడు. అది జరిగిన మూడు వారాలకు ఆ గది రేటు తగ్గింది. బాగానే తగ్గింది. నేను ఆఫీసులో అది చూసి, క్యారియర్ మూత పెట్టేశాను. అంతలో చిన్నమ్మ ఫోన్ చేసింది.

"చూసినావా?"

"చూసినా."

"మీ అమ్మకు చెప్పొద్దు."

చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

ఓడ ఎక్కాక అమ్మ మెట్లన్నీ ఎక్కి దిగింది. ఈతకొలనులో చెయ్యి ముంచి చూసింది. బెంగళూరు ఆమె నిలబడిన చోటు ఇదేనా అదేనా అని నన్ను వెంటబెట్టుకుని మూడు చోట్ల నిలబడి, మూడు చోట్లా ఫోటో తీయించుకుంది. నాయన కమ్మీ దగ్గర అరగంట నిలబడి సముద్రాన్ని చూశాడు. "శానా ఉండాది" అన్నాడు. భోజనం చేసి గదిలోకి పోయి పడుకున్నాడు. మేం వెనక పోయేసరికి గాఢంగా నిద్రపోతున్నాడు. కిటికీ నిండా ఎండలో మెరుస్తూ సముద్రం, దానికి వీపు పెట్టి మా నాయన. ఆయన పగలు నిద్రపోవడం పుట్టి బుద్ధెరిగాక నేను చూడలేదు. ఆ కిటికీకి మేం కట్టిన అదనపు డబ్బు నాకు పైసలతో సహా గుర్తుంది. లేపనా అని అమ్మను సైగ చేసి అడిగాను.

"పండుకోనీలే. సముద్రం యాడికి పోతాది?" అంది అమ్మ.

పట్టిక రాసుకున్న ఆ కుర్రవాడైతే, నిద్రలో ఎన్ని గంటల కిటికీ వృథా అయిందో లెక్క కట్టి ఉండేవాడు. నేను చెప్పులు విప్పి, చప్పుడు కాకుండా పై పడక ఎక్కి నడుం వాల్చాను.