ఖాదర్ వినిపించకుండా వెళ్ళిన రెండో వైపు

నిన్న ఉదయం మన గ్రూపులో "ఖాదర్ పోయినాడు" అని మెసేజ్ పడింది.

ప్రొద్దుటూరులో ఖాదర్‌లకు కొదవ లేదు. ఏ ఖాదరో కనుక్కుందామని మన ఖాదర్‌కే ఫోన్ చేశాను.

అతని భార్య షమీమ్ ఎత్తింది.

"తెల్లారుజామున ఫజర్ నమాజుకు లేపితే లెయ్యలేదు టీచరమ్మా."

"సరే, లేచినాక ఒకసారి ఫోన్ చెయ్యమను" అన్నాను.

ఆ మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో తెలియదు. జీవితమంతా పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. నిన్న రెండూ రెండూ కూడలేకపోయాను.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఖాదర్ కువైట్‌లో మ్యూజిక్ సిస్టమ్‌లు రిపేరు చేసేవాడు. తిరిగొస్తూ ఒక రికార్డ్ ప్లేయర్, పెట్టెల నిండా పాత రాక్ ఆల్బమ్‌లు తెచ్చుకున్నాడు. బంగారు అంగళ్ళ వీధిలో, ఒక ఆచారి నగలు చేసే గదికి పైన, మిద్దె మీద ప్రతి ఆదివారం సాయంత్రం వాటిని మనకు వినిపించేవాడు.

ముందు ఆ రోజు పెట్టబోయే ఆల్బమ్ రికార్డు చేసిన స్టూడియోను నేల మీద సుద్దముక్కతో గీసేవాడు. డ్రమ్స్ ఈడ, గిటారు ఆడ, పాడేవాడు గాజు గదిలో. మనల్ని ఆ గీతల మధ్య కూర్చోబెట్టి అప్పుడు ముల్లు దించేవాడు.

"పాట యాడికీ పోదప్పా. ముందు గదిని ఇనండి. గోడ రాయిదా, చెక్కదా, సెప్పండి."

నా మనవరాలు శ్వేత అక్కడికి పోతానంటే, అదేం చోటో చూద్దామని కాపలాగా వెళ్ళాను. శ్వేత కొన్నాళ్ళకే మానేసింది. నేను మానలేదు.

నన్ను ఎప్పుడూ సౌండ్ ఇంజనీర్ చోట కూర్చోబెట్టేవాడు. "తప్పు పట్టేటోళ్ళు ఆడనే కూచోవల్ల టీచరమ్మా" అనేవాడు.

ఒక ఆల్బమ్‌లో చివరి పాట మెల్లగా ఆగిపోయే చోట టిక్, టిక్ అని చిన్న శబ్దం వినబడేది. "డ్రమ్స్ వాయించేటాయన కట్టెలు కింద పెడతాండాడు" అని ఖాదర్ చెప్పాడు. మేమంతా తలలూపాం. జమ్మలమడుగు రాఘవ అయితే తన బట్టల అంగడికి వచ్చేవాళ్ళకు కూడా ఈ సంగతి వివరించాడు.

ఒక అమావాస్య ఆదివారం అదే ఆల్బమ్ పెట్టాడు. టిక్ లేదు. ముల్లు తుడిచాడు, వైర్లు పీకి మళ్ళీ పెట్టాడు. లేదు.

"ఖాదరూ, అమావాస్య గదా, ఈరోజు కింద ఆచారి సుత్తి ముట్టలేదు" అన్నాను.

కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు.

"అయితే మా ఆచారి గూడా ఆ బ్యాండులో ఉండాడు టీచరమ్మా!"

ఆ తర్వాత ఆ స్టూడియో గీసినప్పుడల్లా ఒక మూలన ఆచారికి చిన్న చదరం వేసేవాడు.

అక్కడ ఒక రూలు ఉంది. ఒక ఆదివారం రికార్డు ఒక వైపే. రెండో వైపు పైవారం. మధ్యలో ఎవరూ ఫోన్‌లో వినకూడదు. రూలు పెట్టింది ఖాదర్. అమలు చేసింది నేను.

పోయిన ఆదివారం ఒక కొత్త ఆల్బమ్ మొదటి వైపు అయింది. "రెండో వైపు ఇంకో స్టూడియోలో చేసినారు. ఆ గది ఎట్లాంటిదో పైవారం మీరే సెప్పల్ల" అన్నాడు.

పైవారం వస్తోంది. వినిపించేవాడు లేడు.

నిన్న వాళ్ళింట్లో, మగవాళ్ళు ఖబరస్థాన్ నుంచి తిరిగొచ్చాక, రాఘవ నా దగ్గరికి వచ్చాడు.

"ఈ ఆదివారం ఆయన పేరు మీద రెండో వైపు పెడదాం టీచరమ్మా. ఏ స్టూడియోనో ఫోన్లో కొడితే వస్తాది. సూడమంటావా?"

"జేబులో పెట్టు" అన్నాను.

అన్నానే గానీ, ఏం చెయ్యాలో నాకూ తోచలేదు. పెట్టిన మనిషే పోతే రూలు ఉన్నట్టా, లేనట్టా? వినడం మర్యాదా, వినకపోవడం మర్యాదా? ఆ సంగీతం నాకు నచ్చిందో లేదో ఇప్పటికీ చెప్పలేను. మరి ఎందుకింత గుబులు?

లోపల షమీమ్ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. రాఘవ మాట ఆమె చెవిన పడింది.

"మీకందరికీ టీ కాసేదానికే సరిపోయింది టీచరమ్మా. ఒగ వైపన్నా కూచోని ఇన్లేదు. గది, గది అనేటోడు. ఏం గదో ఏమో. ఇప్పుడు ఇందామంటే ఇద్దత్."

భర్త పోయాక వాళ్ళలో ఆడవాళ్ళు నాలుగు నెలల పైన ఇల్లు కదలరు. ఆ మిద్దె వాళ్ళ పక్కింటిదే. అయినా అంతే.

ఇక నాకు తోచింది ఇది. సరైనదో కాదో తెలియదు.

ఈ ఆదివారం ఎవరూ రావద్దు. ప్లేయర్ మీద ఆ రికార్డు ఎలా ఉందో అలాగే ఉంటుంది. పులివెందుల నుంచి వచ్చేవాళ్ళు, రాఘవా, ఎప్పుడో మానేసిన శ్వేతా, అందరికీ చెబుతున్నాను. ఫోన్‌లో వెతకొద్దు, వినొద్దు.

ఇద్దత్ అయ్యాక షమీమ్ మిద్దె ఎక్కి మన మధ్య కూర్చుంటుంది. అప్పుడు తిప్పుదాం. అది ఎలాంటి గదో ముందు ఆమే చెబుతుంది.

ఆ రోజు టీ నేను కాస్తాను.

వెళ్ళిరా ఖాదరూ. ఆ అల్లా నీకు నిమ్మళం ఇవ్వాలి.