మేజరమ్మ ముప్పైయవ రోజు

ఆవిడ మేజరూ కాదు, కెప్టెనూ కాదు. సైనిక ఆస్పత్రిలో మామూలు నర్సు. అయినా ఆవిడ గొంతు వార్డులో వినబడితే నిజం మేజర్లు కూడా సిగరెట్లు ఆర్పేసేవారు. అందుకని అందరికీ మేజరమ్మే అయింది.

యుద్ధంలో సరిహద్దు దగ్గర ముప్పై రోజులు పనిచేసినవాళ్ళకి పతకం ఇస్తారు. మేజరమ్మ చేసింది సరిగ్గా ముప్పై, కాగితాల్లో ఉన్నది ఇరవైతొమ్మిది. బదిలీ ఉత్తర్వు టైపు కొట్టిన రోజునే ఆవిడ వెళ్ళిపోయిందని ఓ గుమాస్తా మహానుభావుడు రాసిపారేశాడు. రావలసిన నర్సు రాక మేజరమ్మ మర్నాడంతా అక్కడే ఉందన్న సంగతి ఆయనకేం పట్టింది! ఆస్పత్రి రిజిస్టరు చూద్దామంటే అది వానలో నాని ముద్దయింది.

ఆరేళ్ళపాటు అర్జీలు పెడుతూనే ఉంది.

"ఇంత బిళ్ళ కోసం అంత రగడెందుకే?" అన్నాడు గడియారాలు బాగుచేసే మొగుడు, కంటికున్న భూతద్దం తియ్యకుండానే.

"బిళ్ళ మీరే తగిలించుకోండి!" అంటూ మేజరమ్మ ఓ పాత ఉత్తరం ఆయన ముందు పడేసింది.

ఆ ముప్పైయవ రోజున ఓ కుర్ర సిపాయి ఆవిడ చెయ్యి పట్టుకునే ప్రాణం వదిలాడు. ఆ మాటే వాళ్ళమ్మకి రాసింది. ఆ తల్లి ఆఫీసులో వాకబు చేస్తే, ఆ నర్సు ముందురోజే వెళ్ళిపోయిందన్నారు. "నన్ను ఊరడించడానికి అబద్ధం రాశావా తల్లీ?" అని ఆ తల్లి రాసిన జవాబే ఆ ఉత్తరం.

మొగుడు భూతద్దం తీసేశాడు. ఆ పూట దుకాణం కట్టేసి, ఆ తేదీన ఆ వార్డులో ఉన్నవాళ్ళెవరైనా కబురు చెయ్యమని మాజీ సైనికుల పత్రికకి ప్రకటన రాశాడు.

మూడు నెలలకి ఆ ప్రకటన చూసి, బస్సు కండక్టరైన ఓ మాజీ సిపాయి కొద్దిగా కుంటుతూ వచ్చి, దుప్పటి మూట విప్పాడు. లోపల కాలినుంచి కోసి తీసిన ప్లాస్టర్ కట్టు. కట్టు మీద తేదీ, గంట రాసి సంతకం పెట్టనిదే మేజరమ్మ రోగిని కదలనిచ్చేది కాదు. కట్టు ఎప్పుడు కోయాలో రోగిని పంపే ఆస్పత్రికి తెలియాలి మరి. నీలం పెన్సిలు గీతలు ఇంకా చెరగలేదు. సరిగ్గా ఆ ముప్పైయవ రోజు తేదీ, ఉదయం పదకొండు, కింద మేజరమ్మ సంతకం.

"ఇదెందుకు దాచావయ్యా?"

"కాలు తీసేస్తామంటే మీరు పోట్లాడి నిలబెట్టారు కదా సిస్టర్! మా ఆవిడ రెండుసార్లు చెత్తలో పడేసింది. రెండుసార్లూ తెచ్చుకున్నా."

ఆ కట్టు చూశాక ఆఫీసువాళ్ళు దిగొచ్చారు. పతకం పెట్టెలో వచ్చింది, ముప్పై రోజులని రాసిన ఉత్తర్వుతో సహా. మేజరమ్మ పెట్టె మొగుడి చేతిలో పెట్టి, ఉత్తర్వు మాత్రం తీసుకుని ఆ సిపాయి తల్లి ఊరికి రైలెక్కింది.

ముసలావిడ గుమ్మంలోనే నిలబడి ఆ కాగితం రెండుసార్లు చదివింది. తర్వాత మేజరమ్మ చెయ్యి అందుకుని, లోపలికి తీసుకెళ్ళి, మంచం మీద పక్కనే కూర్చోబెట్టుకుంది.

"ఇదేనా వాడు పట్టుకున్న చెయ్యి?" అంది. "ఇప్పుడు చెప్పమ్మా. ఏమేం మాట్లాడాడో, మొదటినుంచీ చెప్పు."