చుక్కాని నాది, తాడు నీది

వేరె అనే ఊరి రేవులో అందరి పడవలకూ ఒకటే పద్ధతి. చుక్కాని మొగుడిది. తాడు పెళ్ళానిది.

ఎవరూ రాసిపెట్టిన పద్ధతి కాదు. తలుపులు మూసి నీళ్ళు ఎక్కించే, దించే లాకులోకి పడవ వస్తుంది. ఆయన వెనక నిలబడి ఉంటాడు, చెయ్యి చుక్కాని పిడి మీద. ఆమె ముందు నిలబడి ఉంటుంది, తాడు పట్టుకుని. గోడకూ పడవకూ మధ్య నీళ్ళుంటాయి. ఆయన అరుస్తాడు. ఆమె దూకుతుంది.

యాకోమినా ముప్పై ఏళ్ళు దూకింది. రేవులో ఆమెను మీనా అంటారు.

ఆమె ఆల్చిప్పలు పట్టేవాళ్ళ ఇంట్లో పుట్టింది. తండ్రి ఆమె అన్నదమ్ములనే పడవెక్కించాడు. ఆమె ఒడ్డున బల్ల ముందు నిలబడి, వాళ్ళు తెచ్చిన ఆల్చిప్పలకు నాచు గీకేది. పెద్దయ్యాక తెరచాపలు కుట్టే షెడ్డులో చేరింది. ఈ చుట్టుపక్కల గాలికి ఉబ్బిన ప్రతి తెరచాప అంచు మీదా ఆమె కుట్టుంది. ఆమె కుట్టినవి ఇంగ్లండు దాకా వెళ్ళాయి. ఆమె వెళ్ళలేదు.

మొగుడు క్రైన్ ఇళ్ళకు రంగులు వేసేవాడు. మంచివాడు. ఇంట్లో గొంతు పెంచడు. లాకులో మాత్రం వేరే మనిషి.

పోయిన వేసవిలో టెర్న్యూజెన్ లాకులో పక్కన పెద్ద సరుకు పడవ ఉంది. దాని మీద అందరూ కాఫీ తాగుతూ చూస్తున్నారు.

"ఏయ్ మీనా! వదులు! తాడు వదులు! కట్టేశావా? లాకులో తాడు కట్టకూడదని ఎన్నిసార్లు చెప్పాలే నీకు!"

ఆమె కట్టలేదు. లాకులో తాడు ఎవరూ కట్టరు. ఇనప గుంజ చుట్టూ ఒక్కసారి తిప్పి, కొస చేతిలో పట్టుకుంటారు. నీళ్ళు దిగుతుంటే కొంచెం కొంచెంగా వదులుతారు. ఆమె వదులుతూనే ఉంది.

సరుకు పడవ మీద ఎవడో నవ్వాడు. బయటికి వచ్చాక మీనా తాడు చుట్ట చుట్టి కొక్కేనికి తగిలించింది.

నవంబరులో పడవలను ఒడ్డుకెక్కిస్తారు. అప్పటి నుంచి ప్రతి ఇంట్లో వచ్చే వేసవి మొదలవుతుంది. వంటింటి బల్ల మీద నీటిదారుల పటం పరుచుకుంటుంది. క్రైన్ ప్రతి ఏడూ అదే దారి గీసేవాడు. కాలువల్లోంచి బెల్జియంలోని గెంట్, గెంట్ నుంచి బ్రుగ్గె, మళ్ళీ అవే కాలువల్లోంచి ఇంటికి.

ఆ ఏడు అతను మేడ మీంచి కిందికి దిగేసరికి పటం పరిచే ఉంది. నాలుగు మూలలా నాలుగు కప్పులు పెట్టి ఉన్నాయి. మీనా చేతిలో పెన్సిలుంది. గీత వేరె నుంచి మిడ్డెల్‌బర్గ్ మీదుగా ఫ్లిస్సింగెన్‌కు దిగింది. అక్కడ ఆగలేదు. లాకు దాటి సముద్రంలోకి వెళ్ళింది. తీరం వెంట ఊస్టెండె దాకా వెళ్ళి, అక్కడి నుంచి బ్రుగ్గె, గెంట్ కాలువల్లోకి తిరిగింది.

"ఇదేంటే?"

"సెలవులు."

"సముద్రం మీంచా? మన వయసులోనా?"

"మన వయసు కాలువలో తగ్గుతుందా?"

క్రైన్ కూర్చున్నాడు. బఠాణీ సూపు ముందుకు లాక్కున్నాడు. చెంచా ముంచాడు గాని నోట్లో పెట్టుకోలేదు.

"గాలి పడమటి నుంచి కొడితే? ఆటుకు ఎదురు గాలంటే అలలు గోడల్లా లేస్తాయి."

"ఆగుతాం."

"మర్నాడూ అదే గాలైతే?"

"మర్నాడూ ఆగుతాం."

"ఆ మర్నాడు?"

"ఫ్లిస్సింగెన్‌లో వేయించిన చేపలు బాగుంటాయి క్రైన్."

అతను నవ్వబోయి మానుకున్నాడు. అప్పుడు ఆమె పెన్సిలు కింద పెట్టింది.

"ఇంకోటి. చుక్కాని నాది. తాడు నీది."

సూపు చల్లారింది.

"నువ్వు నడుపుతావా?"

"నేనే."

"కాదంటే?"

"నువ్వొక్కడివే వెళ్ళు. తాడు ఎవరు పట్టుకుంటారో అబద్ధాల బల్ల దగ్గర అడిగి చూసుకో."

అబద్ధాల బల్ల రేవు గట్టు మీద ఉంటుంది. పని మానేసిన మగవాళ్ళు అక్కడ కూర్చుని, తాము దాటని తుఫానుల గురించి చెప్పుకుంటారు. మర్నాటికి ఈ మాట అక్కడికి చేరింది. అందరికంటే ఎక్కువ నవ్వినవాడు మరీనుస్. ఒకప్పుడు గుల్లలు పట్టేవాడు. ఇప్పుడు మోకాళ్ళు పట్టుకుంటాడు.

"ఏరా క్రైన్, లంగా కూడా కొనిపెట్టిందా లేకపోతే తాడొక్కటేనా?"

"నోరు ముయ్యి మరీనుస్."

"ముందు వైపు జారుడుగా ఉంటుందిరోయ్. మీ ఆవిణ్ణి అడిగి మంచి బూట్లు తెచ్చుకో."

క్రైన్ ఇంటికొచ్చి షరతు పెట్టాడు. వసంతంలో పడవ నీళ్ళలోకి దిగాక ఒకసారి మిడ్డెల్‌బర్గ్ వెళ్ళి రావాలి. ఆమె నడపాలి. ఏ తప్పూ లేకుండా తిరిగొస్తే సముద్రం. తప్పు జరిగితే పాత కాలువ, పాత పద్ధతి.

"తప్పంటే?"

"తప్పంటే తప్పే. చూస్తే తెలియదా?"

"సరే," అంది మీనా.

చలికాలమంతా పటం తియ్యలేదు. సూపు గిన్నె దాని మీదే పెట్టుకుని తిన్నారు. బెల్జియం తీరం మీద ఒక గుండ్రటి మరక పడింది.

మే నెలలో పడవ నీళ్ళలోకి దిగింది. దాని పేరు వుల్ప్. ఉక్కు పడవ, వంగిన ముక్కు. వెళ్ళేటప్పుడు వేరె లాకులో నీళ్ళు పైకి ఎక్కుతాయి, కాలువ రేవు ముందున్న చెరువు కన్నా ఎత్తు గనుక. ఎక్కేటప్పుడు తాడు దానంతటదే వదులవుతుంది. పట్టుకున్నవాడికి పెద్ద పనుండదు.

"ఇంతేనా?" క్రైన్ ముందు నుంచి కేక వేశాడు. "ముప్పై ఏళ్ళు ఇంత గొడవ చేశావా దీనికి?"

మీనా చుక్కాని పట్టుకుని తలుపుల వైపు చూస్తోంది.

మిడ్డెల్‌బర్గ్‌లో పడవను గట్టుకు ఆనించింది. పడవ పక్కన వేలాడే రబ్బరు తిత్తులు గోడను తాకిన చప్పుడు కూడా రాలేదు. క్రైన్ దిగి దాల్చినచెక్క పాకం కారే బోలుస్ రొట్టెలు రెండు తెచ్చాడు. రెండూ అతనే తిన్నాడు.

తిరిగి వచ్చేసరికి లాకు గోడ మీద మరీనుస్ నిలబడి ఉన్నాడు. అబద్ధాల బల్ల మొత్తం అతని వెంట ఉంది. ఈసారి నీళ్ళు దిగాలి. మీనా పడవ వెనక వైపు తాడును గుంజకు తిప్పి, కొస ఎడమచేత పట్టుకుంది. క్రైన్ ముందు తాడు తిప్పాడు. ఇంకోసారి తిప్పాడు. తలుపులు మూసుకున్నాయి.

"ఎలా ఉందిరా ఉద్యోగం?" పై నుంచి మరీనుస్ అడిగాడు.

"చిన్నపిల్లాడైనా చేస్తాడు," అన్నాడు క్రైన్. అలా చూపించడానికే తాడు కొసను పడవ కొక్కేనికి బిగించి, ముడి వేసి, చేతులు దులుపుకుని జేబుల్లో పెట్టుకున్నాడు.

నీళ్ళు దిగాయి. పడవ వెనక భాగం దిగింది. ముందు భాగం దిగలేదు. తాడు సన్నబడింది. కిర్రుమంది. లోపల గిన్నెలు ఒక మూలకు జారాయి. క్రైన్ ముడి మీద పడ్డాడు. బరువు వేలాడుతున్న ముడి రాదు. గోళ్ళు విరిగాయి.

"మీనా! ఇలా రా! ఇది రావడం లేదు! రావే!"

ముప్పై ఏళ్ళలో ఎప్పుడైనా అయితే ఆమె పరిగెత్తేది. ఇప్పుడు చుక్కాని దగ్గర నుంచి కదల్లేదు. వెనక తాడు కొంచెం కొంచెంగా వదులుతూనే ఉంది. కుడిచేత్తో నడుముకున్న తెరచాపలు కోసే కత్తి తీసి, పడవ నేల మీద ముందుకు జారవిడిచింది. అది అతని బూటుకు తగిలి ఆగింది.

"కొయ్యి."

"కొత్త తాడే!"

"దూరంగా నిలబడి కొయ్యి క్రైన్."

గొంతు పెంచలేదు. గోడ మీద అందరికీ వినబడింది.

అతను కోశాడు. తాడు తుపాకీలా పేలింది. ముందు భాగం దబ్బున నీళ్ళలో పడింది. మీనా చుక్కానిని తొడతో ఆనించి పట్టింది. పడవ ఊగి, నిలబడింది. గోడను తాకలేదు.

"పరీక్ష పోయినట్టేనా?" అన్నాడు మరీనుస్.

క్రైన్ కత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఒక్క మాట అంటే చాలు. తప్పు జరిగింది, అందరూ చూశారు. పాత కాలువ, పాత పద్ధతి. మీనా అతని వైపు చూసింది.

"పోయింది," అంది తనే. "తాడు పరీక్ష. చుక్కాని పరీక్ష కాదు."

తలుపులు తెరుచుకున్నాయి. ఆమె పడవను బయటికి నడిపింది.

వారం పాటు క్రైన్ పడవకు రంగు వేశాడు. రంగు అవసరం లేని చోట కూడా వేశాడు. అబద్ధాల బల్ల వైపు వెళ్ళలేదు. ఒక సాయంత్రం మీనా బజారు నుంచి వచ్చేసరికి వంటింట్లో నేల మీద కూర్చుని ఉన్నాడు. కొత్త తాడు బల్ల కాలు చుట్టూ ఒక్కసారి తిప్పి ఉంది. కొస చేతిలో ఉంది. లాగుతున్నాడు, వదులుతున్నాడు. ముడి వెయ్యడం లేదు.

"బల్ల కదుల్తోంది," అంది మీనా.

"నువ్వు దాని మీద కూర్చో."

కూర్చుంది. సంచీ ఒళ్ళో పెట్టుకుని.

జూన్‌లో బయల్దేరారు. ఫ్లిస్సింగెన్‌లో పడమటి గాలి కొట్టింది. ఆగారు. మర్నాడూ కొట్టింది. చేపలు తిన్నారు. ఆ మర్నాడు గాలి తూర్పుకు తిరిగింది.

ఆటు మొదలయ్యాక సముద్రపు లాకులోకి వచ్చారు. నీళ్ళు దిగుతున్నాయి. తలుపుల అవతల ఉప్పు వాసన. లాకు నడిపేవాళ్ళ గోపురం మీది మైకు గరగరలాడింది.

"వుల్ప్! కెప్టెన్, ఎక్కడికి?"

మైకులో మనిషి ముందున్న మగవాడినే చూస్తున్నాడు. క్రైన్ రెండు చేతులూ తాడు మీదున్నాయి. కొంచెం వదులుతున్నాడు, ఇంకొంచెం వదులుతున్నాడు. చెయ్యి ఊపడానికి ఖాళీ లేదు.

గడ్డంతో వెనక్కి చూపించాడు.

"ఊస్టెండె!" అని అరిచింది మీనా.