యాదగిరన్న వేసిన ఈల

నేను చెప్పేవాటిలో సగం కోతలేనని మా ఆవిడ అంటుంది. ఇది మాత్రం మిగిలిన సగంలోది.

ఎనభైల్లో మణుగూరులో, బొగ్గు గనుల కాలనీలో ఉండేవాళ్లం. మా పిల్లి పెరట్లో బొగ్గుల డబ్బా వెనుక మూడు పిల్లల్ని పెట్టింది. అప్పుడే పక్క క్వార్టర్ యాదగిరన్న అడవి పల్లె నుంచి వేటకుక్కను కొని తెచ్చాడు. అది మొరిగితే గనిలోకి దిగినవాళ్లు కూడా ఉలిక్కిపడేవారు. గొలుసు మాత్రం లేదు.

"అన్నా, దాన్ని జర కట్టెయ్యరాదే" అన్నాను.

"నా కుక్క ఉరికేదాన్నే పట్టుకుంటది తమ్మీ. మీ పిల్లిని ఉరకొద్దని చెప్పు!" అని నవ్వాడు.

ఒక ఆదివారం ఆ కుక్క మా గోడ దూకింది. పిల్లి ఉరకలేదు. పిల్లలకు అడ్డంగా నిలబడి బుస్సుమంది. కుక్క నిజంగానే ఆగిపోయింది.

"చూసినవా, నేను చెప్పలే!" అంటూ యాదగిరన్న గోడ మీంచి తొంగిచూసి, కుక్కను వెనక్కి పిలవడానికి ఈల వేశాడు.

ఈల వినగానే మీదపడాలని వేటలో దానికి నేర్పారట. కొన్నవాడు ఆ సంగతి అడగనే లేదు. నేను కర్ర అందుకునేలోపే పిల్లి ప్రాణం పోయింది.

"రమ్మని ఈలేసిన గదా తమ్మీ" అంటూ యాదగిరన్న గోడ దూకి వచ్చి కుక్కను పక్కకు లాగాడు.

మా అమ్మాయి దూదితో పాలు పట్టినా, కళ్లయినా తెరవని ఆ కూనల్లో ఒక్కటీ బతకలేదు.

కుక్కను ఏమనను? నేర్పిందే చేసింది. ఆ తర్వాత కాలనీలో కుక్కను తెచ్చుకున్న ప్రతివాణ్నీ గొలుసేదని అడిగాను.

"మాది గసుంటిది కాదన్నా" అన్నారు అందరూ.